నానీ ట్యాంకూ, నా తేజాబూ

ఈ సంగతి రాయాలా వద్దా అని మూడేళ్ళుగా వెనకాముందూ ఆడుతున్నాను. మొన్న షాబాన్ నెలలో మా కలిగిరి మస్జిద్ మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతుంటే పక్కింటి వాకిట్లోంచి మా ఖాలా కేకేసింది. "ఏం రా, ఈసారి ఏం పోస్తున్నావ్ అందులో?" సాయం వచ్చిన పిల్లలంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. మూడేళ్ళ కిందట ఇదే ఖాలా నాతో నెల రోజులు మాట్లాడలేదు. నవ్వుకునేంత దూరం వచ్చాం కదా, ఇక రాసేయొచ్చు అనిపించింది.

ఆ ట్యాంకు మా నానీది. నానీ ఇంతెకాల్ అయ్యాక ఆమె పేరు మీద ఈసాలె సవాబ్ కోసం ఏదైనా చేయాలని ఖాలా తన చెవి కమ్మలు అమ్మి పెట్టించింది. అయిదొందల లీటర్ల స్టీలు ట్యాంకు. మా వైపు ఎండాకాలం నీళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఉదయగిరి పక్క మండలాల్లో ఫ్లోరైడ్‌తో పళ్ళు గారపట్టిన వాళ్ళు, మోకాళ్ళు వంగని వాళ్ళు ఎంతమందో. కలిగిరిలో మా వీధి బోరు నీళ్ళయితే ఉప్పన. టీ పెడితే పాలు విరిగినట్టుంటాయి. అందుకని నీళ్ళ పని చేస్తే నానీకి నచ్చుతుందని ఖాలా ఖయాల్. ప్లాస్టిక్ ట్యాంకు చాలన్నాడు మా మామూ. ఖాలా వినలేదు. "అమ్మ ఇంటి గిన్నెలన్నీ స్టీలువి. స్టీలైతే ఖరాబ్ కాదు, పదికాలాలు ఉంటది" అంది.

ఖరాబ్ కాదన్న ఆ మాట మా ఇంట్లో వింత మాట. ఎందుకంటే మా నానా కళాయి పోసేవాడు. స్టీలు వచ్చి ఆయన రోజీ పోయింది.

నానాని పని చేస్తుండగా నేను చూసింది తక్కువ. మిగతాదంతా మామూ చెప్పిందే. కలిగిరి నుంచి వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి దాకా ఊరూరూ తిరిగేవాడట. చెట్టు కింద నేలలో గుంట తీసి బొగ్గులు పోసి, తోలు తిత్తి బిగించి, "కళాయ్ పోస్తాం" అని ఒక్క కేక. ఇళ్ళల్లోంచి ఇత్తడి బిందెలు, రాగి దేగ్చాలు, గంగాళాలు వచ్చేవి. రాగీ ఇత్తడీ చింతపులుసుకు ఆగవు. పులుపు తగిలితే చిలుము పడుతుంది, అందులో వండింది తింటే వాంతులు. లోపల తగరం పూత ఉంటే ఆ బాధ లేదు. ముందు గిన్నెలో ఇసక, గుడ్డపేలికలు వేసి మామూని అందులో నిలబెట్టేవాళ్ళు. అప్పటికి మామూకి ఎనిమిదేళ్ళు. గోడ పట్టుకుని నడుము అటూ ఇటూ తిప్పుతూ కాళ్ళతో తోమాలి. "నేను ట్విస్టు డాన్సు సినిమాల కంటే ముందే నేర్చుకున్నా" అంటాడు ఇప్పటికీ.

తోమిన గిన్నెని నిప్పుల మీద పెట్టి, బాగా వేడెక్కాక దూదితో నౌసాదర్ పొడి చల్లి రుద్దేవాడు నానా. నవాసాగరం అంటాం తెలుగులో. గుప్పున తెల్లటి పొగ. ఆ పొగ లేస్తుండగానే తగరం కడ్డీ తాకిస్తే, అది 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వెన్నలా జారేది. దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండి. ఆ పొగకి నానా జీవితమంతా దగ్గాడు.

ఆ పొగ ఏమిటో నాకు డిగ్రీ రెండో ఏడులో గానీ తెలీలేదు. నౌసాదర్ అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడి తగిలితే అది అమ్మోనియాగా, హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా విడిపోతుంది. మన పెద్దవాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నమక్ కా తేజాబ్ అనేవాళ్ళు, ఉప్పు నుంచి తీసేది కాబట్టి. గంధకం నుంచి వచ్చేది గంధక్ కా తేజాబ్, సురేకారం నుంచి వచ్చే నైట్రిక్ ఆమ్లం శోరే కా తేజాబ్. ఈ పేర్లు గుర్తు పెట్టుకోండి, నా కథ మొత్తం ఈ పేర్లలోనే ఉంది. నానా పొగలోని నమక్ కా తేజాబ్ రాగి మీదున్న మకిలి పొరని క్షణంలో తినేసి లోహాన్ని బరిబత్తల చేస్తుంది. ఆ క్షణంలోనే తగరం పడాలి. ఆలస్యమైతే మళ్ళీ మకిలి పడుతుంది. ఆయన హునరంతా ఆ రెండు మూడు సెకన్లలోనే.

తర్వాత స్టీలు వచ్చింది. తమిళనాడులో సేలం స్టీల్ ప్లాంట్ 1980ల మొదట్లో స్టెయిన్‌లెస్ రేకులు చుట్టడం మొదలుపెట్టింది. అంతకు ముందు నుంచే పట్నాల్లో స్టీలు గిన్నెలు ఉన్నాయిగానీ, మా వైపు పల్లెలకి జహేజ్ సామాన్లలో దిగడం ఆ రోజుల్లోనే. మా అమ్మీ షాదీకి నెల్లూరు చిన్నబజారు నుంచి పేర్లు చెక్కించిన స్టీలు గిన్నెలు వచ్చాయి. కళాయివాడి కూతురికి కళాయి అక్కర్లేని గిన్నెలు. నానా ఒక గిన్నె తీసుకుని అందులో చిక్కటి చింతపండు రసం పోసి రాత్రంతా ఉంచాడట. తెల్లారి ఫజర్ అయ్యాక తీసి చూశాడు. చిలుము లేదు, మచ్చ లేదు. రసం పారబోసి, కడిగి, బోర్లించి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడట. నానీ ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించి చెప్పేది.

ఇలాంటి పరీక్షే ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊళ్ళో 1913లో జరిగింది. హ్యారీ బ్రియర్లీ అనే ఆయన. ఉక్కు కరిగించే కూలీ కొడుకు, పన్నెండేళ్ళకే బడి మానేసి పనిలో చేరినవాడు. తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉక్కు కావాలని వెతుకుతుంటే, 12.8 శాతం క్రోమియం కలిపిన ఉక్కు యాసిడ్లకి లొంగడం లేదని కనిపెట్టాడు. ఆయన కూడా వెనిగర్‌తో, నిమ్మరసంతో పరీక్షించాడు. షెఫీల్డ్ చాకుల ఊరు కాబట్టి తుపాకీ సంగతి పక్కన పెట్టి చాకులకి పనికొస్తుందన్నాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే జర్మనీలో క్రుప్ కంపెనీ వాళ్ళు క్రోమియానికి నికెల్ కూడా కలిపి ఇంకో రకం తీశారు. మన వంటింట్లో 304 అని చెప్పుకునే రకం ఆ ఖాందాన్‌దే. క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం, కాస్త అటూ ఇటూ.

ఇక నా గలతీకి వస్తా.

నేను కావలిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఊళ్ళో మస్జిద్ పనులకి "సార్‌ని అడగండి" అంటారు. ఆ ఏడాది షాబాన్‌లో ట్యాంకు మూత తీసి చూస్తే లోపలంతా తెల్లటి గార. అడుగున వేలు మందం. నీళ్ళలోని సున్నం అలా పేరుకుంటుంది. గోకితే రాదు. మోజన్ సాబ్ బాత్రూం యాసిడ్ తెప్పిద్దామన్నారు. నేను పెద్ద పట్టించుకోకుండా "ఉత్త యాసిడ్ వద్దు మౌలానా, స్టీలు తినేస్తుంది. అందులో దవా కలపాలి" అన్నాను. అప్పటికి నాకు తెలిసిన దవా ఏమిటంటే, మెహందీ.

నవ్వకండి. యాసిడ్‌తో లోహాన్ని శుభ్రం చేసేటప్పుడు, యాసిడ్ గారని తినాలి గానీ లోహాన్ని తినకూడదని, కొన్ని పదార్థాలు పిసరంత కలుపుతారు. వాటిని ఇన్హిబిటర్లు అంటారు. నైట్రోజన్, గంధకం, ఆక్సిజన్ ఉన్న అణువులు చాలావరకు ఈ పనికొస్తాయి. అవి వెళ్ళి లోహం ఒంటికి అతుక్కుని యాసిడ్‌ని దగ్గరికి రానివ్వవు. కార్ఖానాల్లో హెక్సమీన్, థయోయూరియా లాంటివి వాడేవాళ్ళు. వాటిలో కొన్ని మనిషికి మంచివి కావు కాబట్టి, ఆకుల రసాలతో ఆ పని చేయించవచ్చా అని దునియా అంతటా చూస్తున్నారు. 2009లో ఇరాన్ పరిశోధకులు మెహందీ సారం మీద చేసిన పని కొరోషన్ సైన్స్ పత్రికలో వచ్చింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో లీటరుకి 1.2 గ్రాముల మెహందీ సారం కలిపితే ఉక్కు కరగడం 92 శాతం తగ్గిందని రాశారు. చేతిని ఎర్రగా పండించే లాసోన్ అనే పదార్థమే అందులో అన్నిటికంటే బాగా కాపు కాసిందట. నేనది చదివి ఎంత మురిసిపోయానో చెప్పలేను. మన అమ్మీలు, ఆపాలు ఈద్‌కి పెట్టుకునే గోరింటాకు యాసిడ్‌ని ఆపుతుంది! క్లాసులో పిల్లలకి చెప్పాను. జుమ్మా తర్వాత అరుగు మీద పెద్దలకీ చెప్పాను.

కాబట్టి నానీ ట్యాంకుకి మెహందీ. నానీ వేళ్ళు ఆఖరి రోజుల దాకా ఎర్రగానే ఉండేవి, అదొకటి నా దిల్‌లో ఉంది. పెరట్లో ఆకు కోసి, ఎండబెట్టి, కాచి, వడగట్టి, నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలోకి యాసిడ్ పోశాను. (యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు. ఆ మాత్రం సరిగ్గానే చేశా. బాత్రూం యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషపు గాలి వస్తుంది.) గార నురగలు కక్కుతూ కరిగింది. కొంచెం మిగిలింది. ఇషాకి టైమయింది. మెహందీ ఉంది కదా, ఫికర్ లేదని అలాగే వదిలేసి, తెల్లారి వచ్చి కడిగాను. ట్యాంకు తళతళ. పిల్లలు మాషా అల్లా అన్నారు. రెండు మూడుసార్లు నీళ్ళు నింపి వదిలేసి, ఆ తర్వాత వాడకానికి ఇచ్చాం.

రంజాన్ రెండో అష్రాలో అడుగు అతుకు దగ్గర సన్నటి గోధుమ రంగు చారలు. టీ మరకలనుకున్నాను. ఈద్ అయిన పదిరోజులకి వుజూ చేసుకుంటున్న వాళ్ళ నెత్తిన చుక్కలు పడుతున్నాయని సదర్ సాబ్ కబురు. మేడ ఎక్కి చూస్తే అతుకు పక్కన గుండుసూది మొన అంత బెజ్జం. ఇంకొంచెం అవతల మరొకటి. లోపల చెయ్యి పెట్టి తడిమితే గరుగ్గా, మశూచి మొహంలా. ఎనిమిదేళ్ళు చెక్కుచెదరని ట్యాంకు, నేను ఒక్క రాత్రి తాకితే రెండు నెలల్లో కారింది.

ఖాలాకి ఎవరో ముందే చెప్పేశారు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు చదువుకున్నోడివని చెయ్యనిచ్చాను" అంది. అంతే. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత నెల రోజులు నేను సలాం చెప్తే పెదాలతో జవాబు ఇచ్చేది గానీ, మొహం చూసేది కాదు. జమాత్‌లో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా కష్టం. ఆ రోజుల్లో వెనక సఫ్‌లో నిలబడి, సలాం తిప్పగానే చెప్పులు వేసుకుని వచ్చేసేవాణ్ణి.

మామూ అప్పుడు ఉదయగిరిలో ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళు కువైట్‌లో చేసి వచ్చాడు. అక్కడ సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంట్లలో గొట్టాలకి పట్టిన గారని యాసిడ్‌తో కడిగే జట్టులో హెల్పర్. నేను వెళ్ళేసరికి అరుగు మీద ఎవరి కోసమో నర్ది కర్ర చెంచాలు కాగితంలో చుడుతున్నాడు. ఉదయగిరి కర్ర చెంచాలు తెలుసు కదా, మన వాళ్ళే ఎక్కువగా చెక్కుతారు, జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కథంతా విన్నాడు.

"క్యా డాలా బోలా? నమక్ కా తేజాబ్?"

"దాంట్లో మెహందీ కలిపాను మామూ. పరిశోధన ఉంది. తొంభై రెండు శాతం..."

"ఏ లోహం మీద?"

నాకు నోట మాట రాలేదు. ఆ పరిశోధన మామూలు ఇనుప ఉక్కు మీద. మైల్డ్ స్టీల్. పత్రికలో పేరులోనే ఉంది. నేను ఉక్కు అన్న మాట చదివి ఆగిపోయాను.

"దేఖ్ బేటా" అని మామూ చెంచాలు పక్కన పెట్టాడు. "మేం అక్కడ యాసిడ్‌లో దవా కలపకుండా పంపు ఆన్ చెయ్యనిచ్చేవాళ్ళు కాదు. అది నిజమే. దవా కలిపాక లోహపు పట్టీలు తూకం వేసి యాసిడ్‌లో వేలాడదీసేవాళ్ళు. పని అయ్యాక తీసి మళ్ళీ తూకం. ఎంత తరిగిందో హిసాబ్ రాసుకునేవాళ్ళు. తరుగు ఎక్కువుంటే అందరికీ చీవాట్లు. ఇక లోపల స్టెయిన్‌లెస్ భాగాలుంటే, దవా ఉన్నా లేకున్నా, నమక్ కా తేజాబ్ డ్రమ్ము గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. దానికి వేరే తేజాబ్. నిమ్మఉప్పు, లేదంటే సల్ఫామిక్." కాసేపాగి, "ఒకసారి ఒక ఠేకేదార్ తొందరపడి పోయించాడు. ఆ గొట్టాలు తీసి పారేయడానికి మేం వారం పని చేశాం" అన్నాడు. నన్ను ఓదార్చడానికి చెప్పాడో, అలాంటి ఠేకేదార్‌తో జమ కట్టాడో తెలీదు.

ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా. కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఒక్కొక్కటీ నాకు తెలిసినదే, కలిపి ఆలోచించలేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు యాసిడ్‌కి లొంగకపోవడానికి కారణం ఆ లోహం మొండిది కావడం కాదు. దాని మీద ఒక పర్దా ఉంటుంది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కట్టే పొర. మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే, మన వెంట్రుక మందంలో పదివేల వంతు కూడా ఉండదు. గీత పడితే, గాలి తగిలితే చాలు, మళ్ళీ అదే కట్టుకుంటుంది. క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటేగానీ ఈ పర్దా నిలబడదు. విచిత్రం ఏమిటంటే, శోరే కా తేజాబ్, అంత భయంకరమైన నైట్రిక్ ఆమ్లం, దీన్ని ఏమీ చేయదు, పైగా పర్దాని ఇంకా గట్టి చేస్తుంది. నైట్రిక్ ఆమ్లాన్ని నిల్వ చేసేదే 304 స్టీలు ట్యాంకుల్లో. నమక్ కా తేజాబ్ అలా కాదు. దాంట్లో పులుపు ఉంది, నమక్ కూడా ఉంది. క్లోరైడ్. పర్దాకి దుష్మన్ ఆ క్లోరైడే.

అది పర్దానంతా ఒకేసారి చింపదు. ఎక్కడో ఒకచోట, అతుకు పక్కనో, గార కిందో, బలహీనమైన చోటు చూసుకుని బొక్క పెడుతుంది. చెరువు కట్టకి ఎలక బొరియ లాగ. పైకి కట్ట గట్టిగా పచ్చగా ఉంటుంది, నీళ్ళు లోపల్లోపల దారి చేసుకుంటాయి. ఆ బొక్కలో గాలి ఆడదు, పర్దా మళ్ళీ కట్టుకోలేదు. లోపలి నీళ్ళు ఇంకా పుల్లబడతాయి, బయటి క్లోరైడ్‌ని ఇంకా లోపలికి లాక్కుంటాయి. యాసిడ్ కడిగేసినా అతుకు సందుల్లో మిగిలిన తడి, ఆ పైన మా బోరు ఉప్పు నీళ్ళు, ఆ పని కొనసాగించాయి. మెహందీ ఒంటినిండా సమానంగా కరిగే ఇనుముని కాపు కాయగలదు. ఇలా ఒకేచోట లోతుగా దిగే బొక్కని ఆపుతుందన్న హామీ ఆ పత్రికలో ఎక్కడా లేదు. తొంభై రెండు శాతం తగ్గిందంటే మిగతా ఎనిమిది శాతం పని జరుగుతూనే ఉంటుందన్న సంగతీ, తెల్లవార్లూ వదిలేసినప్పుడు నాకు తట్టలేదు.

ఇదంతా అర్థమైన రాత్రి నాకు నానా గుర్తొచ్చాడు. ఆయన నౌసాదర్ పొగలో ఉన్నది కూడా ఇదే క్లోరైడ్. ఆయన దాంతో లోహాన్ని బరిబత్తల చేసి, ఆ వెంటనే తగరం కప్పేవాడు. నేను పర్దా చింపి, ఇషా నమాజ్‌కి వెళ్ళిపోయాను. నానా నాలుగో తరగతి కూడా చదవలేదు. క్లోరైడ్ అన్న మాట ఆయనకి తెలీదు. దాన్ని ఎంతసేపు ఉంచాలో తెలుసు.

మరమ్మతుకి ట్యాంకుని ఆటోలో వేసుకుని కావలి తీసుకెళ్ళాను. ఆర్గాన్ వెల్డింగ్ చేసే భాయ్ అడుగు గీకి, చిన్న సీసాలోంచి ఒక చుక్క వేసి బ్యాటరీ తీగ తాకించాడు. చుక్క ఎర్రబడింది. "304 కాదు సార్, 202. మీకు 304 అని అమ్మారా?" అవును, ఆ రేటుకే అమ్మారు. అమ్మినవాళ్ళ పేరు ఇప్పుడెందుకు. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పోస్తారు. చవక. క్లోరైడ్‌కి 304 కంటే తొందరగా లొంగుతుంది. మన ఆడవాళ్ళు బజారులో అయస్కాంతం పట్టుకెళ్ళి, అతుక్కోకపోతే మంచి స్టీలు అనుకుంటారు. ఆ పరీక్ష సగమే నిజం. 202 కూడా అయస్కాంతానికి అతుక్కోదు. అతుక్కునే 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు, అంతమాత్రాన అది దొంగ సరుకు కాదు, చాలా వంటింటి సామాన్లు దాంతోనే చేస్తారు. సముద్రపు గాలికీ, ఎక్కువ ఉప్పుకీ తట్టుకోవాలంటే రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపిన 316 ఉంది, దాని ధర విని నేను కుర్చీలో కూర్చున్నా.

202 అని తెలియగానే నా మనసు ఎంత తేలికపడిందో, ఆ తేలికకి ఆ వెంటనే అంత సిగ్గేసింది. 202 అయినా ఎనిమిదేళ్ళు మా ఉప్పు నీళ్ళని మోసింది. అడుగు రేకు 304 వేయించాను. వెల్డింగ్ చేసిన చోట ఇంద్రధనుసు రంగుల మచ్చ పడితే, భాయ్ దాని మీద ఒక పేస్టు రాసి, కాసేపుంచి, శుభ్రంగా కడిగాడు. ఆ మచ్చ కింద క్రోమియం తగ్గి ఉంటుందట, తీసేయకపోతే బొక్క అక్కడే మొదలవుతుంది. పాత అతుక్కి ఎవరూ ఆ పని చేసి ఉండరు. ఆ పేస్టులో శోరే కా తేజాబ్ ఉంటుంది, దాంతోపాటు ఎముకల దాకా దిగే హైడ్రోఫ్లోరిక్ కూడా, కాబట్టి ఇంట్లో చేసే పని కాదు. ఖర్చు నేనే పెట్టుకున్నా. సదర్ సాబ్ చందా వేద్దామన్నారు, ఒద్దన్నాను.

దీని తర్వాత మా ఇంట్లో కొన్ని అలవాట్లు మారాయి. అమ్మీ నిమ్మకాయ ఊరగాయ స్టీలు డబ్బాలో పెట్టేది, మూత లోపల చుక్కచుక్కగా తుప్పు పడితే డబ్బా నకిలీది అని తిట్టుకునేది. ఇప్పుడు జాడీలోనే. ఉప్పూ పులుపూ కలిసి నెలలు కూర్చుంటే ఏ 304 అయినా ఎంతకని ఓర్చుకుంటుంది? నానా తన పరీక్షలో చింతపండుతో పాటు గుప్పెడు కళ్ళుప్పు వేసి, ఒక్క రాత్రి కాకుండా నెల ఉంచి ఉంటే, ఆయన చూడాలనుకున్నది బహుశా చూసేవాడు. ఎసట్లో ఉప్పు నీళ్ళు మరిగాకే వేస్తున్నాం. చల్లటి నీళ్ళలో వేస్తే గళ్ళుప్పు అడుగున కూర్చుని అక్కడే మచ్చ పెడుతుంది. దావత్ అయ్యాక ఉప్పు నీళ్ళ గిన్నెలు రాత్రంతా నానబెట్టడం మానేశాం. ఇనుప పీచుతో తోమడం కూడా. ఆ పీచు ముక్కలు గిన్నెకి అంటుకుని తుప్పు పడితే స్టీలుకి చెడ్డపేరు. మామూ ఇచ్చిన కర్ర చెంచాలు కలపడానికి. ఇంతకు మించి భయపడక్కర్లేదు, చింతపులుసు, టమాటా, నిమ్మరసం వండుకుని తినేంతసేపటికి స్టీలు పర్దా హాయిగా తట్టుకుంటుంది.

ట్యాంకు తిరిగి మేడ ఎక్కించిన రోజు ఖాలా మెట్ల దాకా వచ్చింది. కొత్త అడుగు రేకుని వేళ్ళతో నిమిరి, "దీని మీద మీ నానీ పేరు ఉందా?" అంది. పేరు చెక్కిన పక్క రేకు పాతదే, చెక్కుచెదరలేదు, చూపించాను. కొంగుతో తుడిచింది. అప్పుడు నా మొహం చూసి, "చాయ్ తాగి పో" అంది.

ఇప్పుడు ఆర్నెల్లకోసారి గార దళసరి కాకముందే కడుగుతున్నాం. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, గోరువెచ్చని నీళ్ళలో కలిపి గుడ్డతో రుద్దడం, గంటలో కడిగేయడం. అందులో క్లోరైడ్ లేదు. గార నెమ్మదిగా కరుగుతుంది, పిల్లలకి విసుగు. మొన్న ఖాలా కేకేసినప్పుడు పొట్లం పైకెత్తి చూపించాను. ఆమె కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అందులో మెహందీ ఏం కలపలేదు కదా?" అంది.